పదో మలుపు దగ్గర దండం

చిట్టా 1. శనివారం

ఉప్పు కడగడం అయింది. ఈ వారంలో ఈ పనితో మొదలుపెట్టని రోజు లేదు. సముద్రపు గోడ మీద కార్ల రేసు పెట్టాలని ఏ మహానుభావుడికి తోచిందో గానీ, కారు నాలుగు ల్యాపులు తిరిగి వచ్చేసరికి ముక్కు నుంచి తోక దాకా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. తుడిస్తే పోదు, మంచినీళ్ళతోనే కడగాలి. మంచినీళ్ళు మనిషికెంతో కారుకీ అంతే ఇస్తారు. అవి చాలక మా మెకానిక్ దండాసి మూడు రోజులుగా తన స్నానం నీళ్ళు కూడా కారుకే పోస్తున్నాడు. కారు మెరిసిపోతోంది, దండాసి పక్కన మాత్రం నిలబడలేకపోతున్నాం.

ప్రతి జట్టు ఇంజనీరూ రోజూ చిట్టా రాయాలని రేసులు నడిపే సమాఖ్య నియమం. రాసింది మనుషులెవరూ చదవరు, తీర్పరి చదువుతుంది. పూర్వం రేసుల్లో తప్పొప్పులు తేల్చడానికి మనుషులు కూర్చునేవారట. వాళ్ళు పక్షపాతం చూపిస్తున్నారని వాళ్ళను తీసేసి ఈ యంత్రాన్ని పెట్టారు. సరే, చదువుకో తీర్పరీ. నా పేరు వైదేహి. కారు నడిపేది గరికిన నూకరత్నం, రేసంతా ఆమె చెవిలో రేడియోలో మాట్లాడేది నేను. ఈ ప్రథమ శ్రేణి ఛాంపియన్ పట్టం ఈ ఏడు నూకరత్నానికా, హైదరాబాద్ జట్టు ఆరిఫ్‌కా అన్నది, ఇద్దరి పాయింట్లూ సమానంగా ఉన్నాయి గనక, మిగిలిన రెండు రేసుల్లో తేలాలి. రెండూ ఇక్కడే, భీమిలి గోడ మీదే. ఒకటి రేపు, ఇంకొకటి వచ్చే ఆదివారం. నూకరత్నానికి ఇంకొక్క శిక్ష పడితే చివరి రేసు ఆడనివ్వరు. అందుకని ఈ వారం ఆమెకు నేను చెప్పిందే చెబుతున్నాను: ఎవరినీ గుద్దకు, ఎవరి చేతా గుద్దించుకోకు.

పాత బీచ్ రోడ్డు మునిగిపోయాక కట్టిన గోడ ఇది. అవతల నీళ్ళ కింద నూకరత్నం వాళ్ళ తాతల ఊరుంది. ఊరు మునిగినప్పుడు జాలర్లు ఇళ్ళు వదిలేసుకున్నారు గానీ గంగమ్మ రాయిని మాత్రం మోసుకొచ్చి గోడ మీద నిలబెట్టుకున్నారు. ట్రాక్ వేసేవాళ్ళు దాన్ని పక్కకు జరుపుదామంటే ఆడవాళ్ళందరూ వెళ్ళి రాయి చుట్టూ కూర్చున్నారట. చివరికి రాయి కదల్లేదు, ట్రాకే కాస్త వంకర తిరిగింది. అదే పదో మలుపు.

ప్రాక్టీసులో నూకరత్నం ప్రతి ల్యాపూ అక్కడ ఆక్సిలరేటర్ మీంచి కాలు తీస్తుంది. ఒక చెయ్యి స్టీరింగ్ వదిలి గుండెకు ఆనించి, మళ్ళీ తొక్కుతుంది. ఆ క్షణంలో కారు కాస్త పక్కకు జరుగుతుంది. చూసి చూసి ఇవాళ అడిగాను, రేసులో కూడా ఇలాగే చేస్తావా అని.

"రేసులో ఎలగ సేస్తానప్పా. ఎనకాల బండ్లుంటాయి కాదేటి. నాకు పనున్నాదని అమ్మకి తెలీదేటి," అంది. అప్పా అంటే వాళ్ళ వైపు అక్కా అని.

సాయంత్రం తీర్పరి ముందుచూపు వచ్చింది. ప్రతి డ్రైవరుకీ తీర్పరి లోపల ఒక నీడ ఉంటుంది. డ్రైవరు నడిపిన రేసులన్నీ చూసి అచ్చం ఆ మనిషిలాగే నడపడం నేర్చుకున్న బొమ్మ. రేసుకు ముందు ఆ నీడలతో తీర్పరి తన లోపల ఒక రేసు ఆడుకుంటుంది. అందులో సగానికి పైగా కార్లు గుద్దుకుంటే అసలు రేసుకు అనుమతి ఉండదు. ఈసారి పెద్ద ప్రమాదాలేవీ కనబడలేదట. నూకరత్నం నీడ రేసంతా గుంపులో ఇరుక్కుని ఏడో స్థానంలో వచ్చిందట. మేం నవ్వుకుని పడుకున్నాం.

చిట్టా 2. ఆదివారం, రేసు

ఎండెక్కితే రోడ్డు మీద టైర్లు నిలవవు కాబట్టి రేసులు తెల్లవారుజామునే. మసక వెలుతురులో ఇరవై కార్లు బయలుదేరాయి. మొదటి మలుపులోనే ముగ్గురు ఒకే సందులో దూరారు. ఆ సందు ఒకడికే సరిపోతుందని వాళ్ళ ముగ్గురికీ తెలుసు, ఆ ఒకడు తనేనని ముగ్గురూ అనుకున్నారు. ఒక చక్రం ఊడి గోడ దాటి సముద్రంలో పడింది. మనుషులకేం కాలేదు. ఆరో స్థానం నుంచి బయలుదేరిన నూకరత్నం ఆ ముక్కల మధ్యనుంచి జారుకుని మూడోదై బయటపడింది. నేను లేచి నిలబడ్డాను.

కూర్చోవడానికి ఎంతోసేపు పట్టలేదు. గుద్దుకున్న కార్లలో ఊడిన రెక్క ముక్కొకటి మా టైరులో దిగింది. గాలి పోయిన టైరుతో ఈడ్చుకుంటూ గ్యారేజీకి వచ్చేసరికి అందరికంటే చివర ఉంది. రోడ్డు మీద ముక్కలు ఏరేదాకా అందర్నీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వచ్చింది, మిగతావాళ్ళంతా దాని వెనక పెళ్ళి ఊరేగింపులా నడుస్తున్నారు.

"అప్పా, గాలి తిరిగినాది. వాన టైర్లు ఏసీండి," అంది రేడియోలో.

"రాడార్‌లో చినుకు కూడా లేదు రత్నం."

"రాడార్‌లో ఎలగుంటాది. నా ముక్కులో ఉన్నాది. ఎలగూ ఆకరిదాన్నే, ఇంకేటి పోతాది."

అదీ నిజమే. వేశాం. పొడి రోడ్డు మీద వాన టైర్లతో బయటికి వెళ్ళిన మా కారును చూసి వ్యాఖ్యాతలు పగలబడి నవ్వారు. పక్క గ్యారేజీవాళ్ళు మాకు గొడుగు చూపించారు. సేఫ్టీ కారు నెమ్మదిగా నడిపించబట్టి టైర్లు అరిగిపోలేదు. సరిగ్గా అది పక్కకు తప్పుకునే వేళకు తూర్పున నల్లగా లేచింది. తర్వాత కురిసింది వాన కాదు, ఎవరో బిందెలు ఎత్తి పోసినట్టే ఉంది.

మిగతా కార్లన్నీ టైర్ల కోసం గ్యారేజీల్లోకి పరిగెత్తాయి. ఇద్దరు దారిలోనే గింగిరాలు తిరిగారు, ఒకడు గ్యారేజీ ముందే తన మెకానిక్‌ల మీదికి జారాడు. నూకరత్నం ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయింది. లోపలివైపునుంచి కొందరిని, బయటివైపునుంచి కొందరిని. ఒకణ్ణి మాత్రం ఎటునుంచి దాటిందో నాకు ఇప్పటికీ తెలియదు, తుంపర తప్ప ఏమీ కనబడలేదు. పక్క గ్యారేజీవాళ్ళు గొడుగు లోపల పెట్టేసుకున్నారు. అలా రెండో స్థానానికి వచ్చింది. ముందు ఆరిఫ్ ఒక్కడే. ల్యాపు ల్యాపుకీ అతని వెనక చక్రాలకు దగ్గరవుతోంది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత అందంగా ఎవరూ వానలో నడపగా చూడలేదు.

అప్పుడు అల గోడ దాటింది. రోడ్డు మీద మోకాలి లోతు సముద్రపు నీళ్ళు. ఎర్రజెండా ఎత్తారు. ఆపడం న్యాయమే, ఎవరైనా ఆపుతారు. ఆరిఫ్ మొదట, మేం రెండు, ఇంకా పద్ధెనిమిది ల్యాపులు మిగిలాయి.

చిట్టా 3. ఆదివారం, మధ్యాహ్నం

రాత వంకరపోయింది. అది కోపం వల్లే, వయసు వల్ల కాదు.

నీళ్ళు తీసేసరికి ఎండ ఎక్కేసింది. ఎండెక్కాక కార్లు నడపకూడదు. కాబట్టి కొత్త నియమం ప్రకారం మిగిలిన ల్యాపులు నీడలు నడుపుతాయన్నారు. ఈ నియమం వచ్చాక ఒక రేసు మధ్యలో ఆగడం ఇదే మొదలు. తీర్పరి లోపల లెక్క కట్టిన రేసుని అసలు రేసులాగే తెర మీద చూపిస్తారు. అదే రోడ్డు, అవే కార్లు, అవే చప్పుళ్ళు. ఇది అసలుది కాదని చెప్పే చిన్న గుర్తొకటి మూలన ఉంటుందట, భూతద్దం పెట్టుకున్నవాళ్ళకి కనబడుతుంది.

మేం గ్యారేజీలో కారు కడుగుతున్నాం. నూకరత్నం బకెట్ పట్టుకుని నీళ్ళు పోస్తోంది, నేను గుడ్డతో తుడుస్తున్నాను. తెర మీద నూకరత్నం కారు ఆరిఫ్‌ని దాటింది. దండాసి చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు తెర మీద ఆమె అందరికంటే ముందుంది, ఎదర ఖాళీ రోడ్డు. పదో మలుపు వచ్చింది. నీడ కాలు తీసింది. కారు కాస్త పక్కకు జరిగింది. వెనకనుంచి ఆరిఫ్ నీడ వచ్చి గుద్దేసింది. రెండు కార్లూ గోడకు తగిలి ముక్కలైపోయాయి. మూడోవాడికి కప్పు.

నూకరత్నం బకెట్ కింద పెట్టింది. "నేనెందుకలగ సేసినాను?" అంది. తర్వాత తనే, "నేను సెయ్యలేదు కాదేటి," అంది.

ఇంతలో తోటమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. రోజూ పొద్దున్నే గంగమ్మ రాయిని కడిగి పసుపు రాసేది ఈవిడే, నూకరత్నానికి పెద్దమ్మ వరస. వంటింట్లో తెర చూస్తూ ఉందట. చేతికి పిండి కూడా కడుక్కోలేదు.

"ఓలమ్మా, గుంట బతికున్నాదా? బండి ముక్కలైపోనాది, నా కళ్ళతో సూసినాను," అంటూ నూకరత్నం ముఖం, భుజాలు, చేతులు తడిమి చూసింది. పిండంతా పిల్ల ముఖానికి అయింది.

"అది నేను కాదు పెద్దమ్మా. బొమ్మ."

"బొమ్మేటి? నీ మొకమే కాదేటి అది."

ఆవిడ ఏడుపు ఆగకముందే తీర్పు వచ్చింది. పదో మలుపు దగ్గర అకారణంగా వేగం తగ్గించి ప్రమాదానికి కారణమైనందుకు గరికిన నూకరత్నానికి శిక్ష. అంటే చివరి రేసు నిషేధం. అంటే పట్టం ఆరిఫ్‌ది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్నాను. సోమలింగం చేసిన తప్పుకి అమ్మను జైల్లో పెట్టడం మాత్రం ఇవాళే చూశాను. చదువుతున్నావా తీర్పరీ? ఈ పేజీ రెండుసార్లు చదువు.

చిట్టా 4. సోమవారం

అప్పీలు విన్నారు. విన్నారు అనడం పెద్దమాట. సమాఖ్య తరఫున విశ్వంభరరావుగారు వచ్చారు. చాలా మర్యాదస్తుడు, మంచినీళ్ళిచ్చి మరీ మాట్లాడతాడు. ఆ మర్యాదకే నాకు ఇంకా మండింది.

"ప్రమాదం జరిగిన సమయంలో మా కారు గ్యారేజీలో ఉందండీ. నేను స్వయంగా కడుగుతున్నాను," అన్నాను.

"కారు గ్యారేజీలోనే ఉందండీ, కాదనను. నడవడి మాత్రం ట్రాక్ మీద ఉంది," అన్నారాయన.

"ఎవరి నడవడి?"

"నూకరత్నంగారిదే. నీడ ఆవిడ నుంచే కదండీ నేర్చుకుంది."

"రేసు ల్యాపుల నుంచే నేర్పాలని మీ నియమం. రేసులో ఆమె అక్కడ ఎప్పుడు కాలు తీసింది, ఒక్కటి చూపించండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఈ ట్రాక్ కొత్తది, ఇక్కడ ఇదివరకు రేసు జరగలేదు, అందుచేత నీడలకి ప్రాక్టీసు ల్యాపులు నేర్పించారట. ప్రాక్టీసులో ఆమె దండం పెట్టినప్పుడల్లా ఎదర రోడ్డు ఖాళీగా ఉంది. లెక్కల రేసులో ముందుకు రాగానే నీడకి ఎదర ఖాళీ రోడ్డు కనబడింది, దండం పెట్టేసింది. దాని తప్పు కూడా లేదు పాపం. భక్తి నేర్పారు గానీ సమయం నేర్పలేదు.

"అయితే తప్పు నేర్పినవాళ్ళది," అన్నాను.

"అలా అనలేమండీ. తీర్పరికి తప్పు నేర్పడం సాధ్యం కాదని తీర్పరే ధ్రువీకరించింది."

నేను కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. ఆయన గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పారు. ఆ రాయి అక్కడ ఉండటం వల్లే ప్రమాదం జరిగిందని మా జట్టు ఒప్పుకుని, దాన్ని తీయించడానికి ఊరివాళ్ళను ఒప్పిస్తే, కారణం రాయి మీదికి మార్చి శిక్ష ఎత్తేస్తారట. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఇప్పుడు పిడుగు గంగమ్మ మీద పడాలన్నమాట.

నా పక్కన కూర్చున్న నూకరత్నం అప్పుడు మాట్లాడింది. "రాయేటి సేసింది బాబూ? అదలగే కూకున్నాది. నేను బండి కడుక్కుంతన్నాను. ఇద్దరం ఏటీ సెయ్యలేదు. ఇద్దర్లో ఒకల్ని ఒప్పుకోమంటే ఎలగ?"

విశ్వంభరరావుగారు ఇంకో గ్లాసు మంచినీళ్ళు ఇచ్చారు. అప్పీలు కొట్టేశారు.

చిట్టా 5. బుధవారం

రేపటి నుంచి చివరి రేసుకు ప్రాక్టీసు. మాకు పని లేదు. అయినా దండాసి కారు కడిగాడు. నేను గుడ్డ అందుకుని తుడిచాను.

పొద్దున్న ఆరిఫ్ వచ్చాడు. వస్తాడని అనుకోలేదు, వచ్చినందుకు సంతోషించనూ లేదు. "పట్టం తీసుకుపోవడానికి సంచి తెచ్చుకున్నావా బాబూ?" అన్నాను.

"తిట్టుండ్రి మేడం, తిట్టినంక నేను జెప్పేది వినుండ్రి," అని డబ్బా మీద కూర్చున్నాడు. "గా నీడ రేసు నేను మూడుసార్లు జూసిన. వానల నా నీడ ఎట్ల నడుపుతుందో జూసిండ్రా? ప్రతి మలుపుకాడ ముసలోని లెక్క ముందుగాల్నే బ్రేకు తొక్కుతుంది. నేనెప్పుడన్న గట్ల తొక్కిన్నా? రత్నం నన్ను గంత అల్కగ దాటిపోతదా?"

"దాటిపోదునేమో," అంది నూకరత్నం.

"దాటిపోతే పో. నా మీదికెల్లి పో, నా బొమ్మ మీదికెల్లి కాదు. ఇగ ఎన్కకెల్లి గుద్దుడు. ముందు బండి కాలు తీస్తే నాకు కనబడదా? మా అమ్మీ నా పక్కల్నే కూసోని బిర్యానీ వడ్డిస్తుంది. తెరల నేను గుద్దుకున్నది జూసి గిన్నె కింద పడేసింది. నేను పక్కల్నే ఉన్న మేడం, అమ్మీ ఏడుస్తుంది."

నా కోపం కాస్త పక్కకు తప్పుకుంది. ఇతనికి పట్టం ఊరికే వస్తోంది, తీసుకుని నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. ఇతని బాధ మా బాధ కాదు, ఇతని పరువు బాధ. అయినా పరువు కోసం పట్టాన్ని ప్రశ్నించేవాణ్ణి తిట్టడం నా వల్ల కాలేదు.

"గా రాయికాడ ఏం జేస్తవు నువ్వు?" అని అడిగాడు. నూకరత్నం తీసుకెళ్ళి చూపించింది. తోటమ్మ అప్పుడే రాయి కడిగి పసుపు రాస్తోంది. ఆరిఫ్ కాసేపు నిలబడి చూశాడు. "నేను గూడ సలాం జెయ్యొచ్చా?" అని అడిగాడు.

"సముద్రం మీదికెల్లినోలందరికీ తల్లే బాబూ. నువ్వూ దాని ఒడ్డునే కాదేటి తిరుగుతన్నావు," అంది తోటమ్మ.

చిట్టా 6. గురువారం

గ్యారేజీ గుమ్మంలో కుర్చీ వేసుకుని ప్రాక్టీసు చూశాను. ఆరిఫ్ మొదటి ల్యాపులోనే పదో మలుపు దగ్గర కాలు తీశాడు, చెయ్యి నుదుటి దాకా ఎత్తాడు, మళ్ళీ తొక్కాడు. రెండో ల్యాపులోనూ అంతే. నేను లేచి నిలబడ్డాను. ఇదెక్కడికి పోతుందో నాకు అప్పుడు అర్థమైంది. అతనికి ముందే అర్థమైంది కాబోలు.

కాసేపటికి కోయంబత్తూరు కారు కూడా అక్కడ నెమ్మదించింది. తర్వాత కొలంబో కారు. ప్రతివాడికీ తన నీడ మీద ఒక పగ ఉందని సాయంత్రానికి తెలిసింది. ఒకడి నీడ తెర మీద గ్యారేజీ దారి తప్పిందట. ఇంకొకడి నీడను ఊళ్ళో పిల్లలు వెక్కిరిస్తున్నారట. మూడోవాడు, కప్పు వచ్చినవాడు, అందరికంటే ఉడికిపోతున్నాడు. నడపని ల్యాపులకి కప్పు ఇస్తే ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదన్నాడు. ఎవరి తీరున వాళ్ళు దండం పెట్టారు. ఒకడు తల వంచాడు, ఒకడు చెయ్యి ఊపాడు, ఒకడు ఊరికే కాలు తీశాడు. అందరూ ఖాళీ రోడ్డు మీదే చేశారు, వెనక ఎవరూ లేనప్పుడే. నీడలన్నీ చూస్తున్నాయి.

చిట్టా 7. శుక్రవారం

పొద్దున్నే సమాఖ్య ఉత్తర్వు. పదో మలుపు వద్ద స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయరాదు. డ్రైవర్లు చేతులు తీయలేదు. కాళ్ళు తీశారు. ఆక్సిలరేటర్ తొక్కి తీరాలని నియమం రాస్తే తామే నవ్వులపాలవుతామని సమాఖ్యకు తెలిసినట్టుంది, రెండో ఉత్తర్వు రాలేదు.

సాయంత్రం ముందుచూపు వచ్చింది. మొదటి ల్యాపు, పదో మలుపు. ముందున్న నీడ దండం పెట్టింది, వెనకది గుద్దింది. ఆ రెండూ పక్కకు పడేసరికి మూడోదానికి ఎదర ఖాళీ రోడ్డు కనబడింది, అదీ దండం పెట్టింది. అలా వరసగా కార్లన్నీ గంగమ్మ ముందు కుప్ప. దండాసి నేలమీద కూర్చుని నవ్వాడు. నేను నవ్వలేదు. ఇలాంటి బొమ్మల ఆట చేతిలోనా మా పిల్ల ఏడాది కష్టం పెట్టారని ఒళ్ళు మండిపోయింది.

విశ్వంభరరావుగారు తనే మా గ్యారేజీకి వచ్చారు. ఈసారి మంచినీళ్ళు నేనిచ్చాను.

"రేసుకు అనుమతి రాదండీ. ప్రాక్టీసు ల్యాపుల వల్లే ఇబ్బంది. అవి నిజమైన నడవడి కాదు కదా, వాటిని తీసేయిద్దామని ఆలోచన," అన్నారు.

"ఏవంటున్నారు? ఇంకోసారి చెప్పండి."

ఆయన మళ్ళీ చెప్పబోయి ఆగిపోయారు. తను ఎక్కడ కాలు పెట్టారో తెలిసింది.

"అవి నిజమైన నడవడి కాకపోతే ఆదివారం నాడు మా పిల్లకు వేసిన శిక్ష ఏ నడవడికండీ?" అన్నాను. అరవలేదు. అరవకపోవడానికి ఎంత కష్టపడ్డానో దండాసిని అడగండి.

చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. చివరికి ఒప్పుకున్నారు. ప్రాక్టీసు ల్యాపులతో లెక్క కట్టినవన్నీ రద్దు. శిక్ష రద్దు. ఆ పద్ధెనిమిది ల్యాపులూ రద్దు. కానీ కొత్త చిక్కు. ప్రాక్టీసు తీసేస్తే నీడలకి పొడి రోడ్డు మీద ఈ ట్రాకే తెలియదు, కాబట్టి ముందుచూపు లేదు, కాబట్టి చివరి రేసుకు అనుమతి లేదు. జనం టిక్కెట్లు కొనుక్కుని ఉన్నారు. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది.

"పోయిన ఆదివారం రేసుకి అనుమతి ఇచ్చినారు కాదేటి. అదింకా అవ్వలేదు," అంది నూకరత్నం మూలనుంచి.

ఆయన తలెత్తారు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే నియమం సమాఖ్య పుస్తకంలో లేదు. ఆయన అక్కడే నిలబడి పుస్తకమంతా తిరగేశారు. ఎర్రజెండా ఎత్తినప్పుడు ఉన్న వరసలోనే ఆదివారం మిగిలిన ల్యాపులు నడపాలి. చివరి రేసు లేదు. పట్టం ఆ పద్ధెనిమిది ల్యాపుల్లోనే. ఆరిఫ్, నూకరత్నం, ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్ళది.

చిట్టా 8. ఆదివారం

ఉప్పు కడగడం అయింది. ఇక ఈ ఏడుకి కడగక్కర్లేదు.

తెల్లవారుజామున రోడ్డు పొడిగా, గాలి మెత్తగా ఉంది. ఆరిఫ్ మొదట, నూకరత్నం వెనక, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. ఆరిఫ్ నిజంగానే ముసలివాడిలా నడపలేదు. నూకరత్నం ఎటు వెళ్ళినా దారికి తలుపు వేసేశాడు. మూడుసార్లు ప్రయత్నించింది, మూడుసార్లూ వెనక్కి తగ్గింది. నాలుగోసారి గోడ పక్కన పొడుగు దారిలో అతని పక్కకు వెళ్ళి, మలుపు దాకా పక్కపక్కనే ఉండి, అంగుళం సందులో ముందుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆమె ఎదర ఖాళీ రోడ్డు. ముందు పదో మలుపు.

నేను రేడియో మీట మీంచి వేలు తీసేశాను. ఆరిఫ్ ఆమె వెనక చక్రాలకు మూరెడు దూరంలో ఉన్నాడు. ఆమె కాలు తీస్తే గుద్దేయక తప్పదు. తీయదని నమ్మాడు కాబట్టే అంత దగ్గరలో ఉన్నాడు. రాయి వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె తీయలేదు. తర్వాతి ల్యాపులోనూ తీయలేదు. ఆ తర్వాతా తీయలేదు. గోడ మీద నిలబడ్డ జాలరి ఆడవాళ్ళు ప్రతిసారీ ఒక్క పెట్టున ఈలలు వేశారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచుకోవాలి.

పదిహేడు ల్యాపులూ అయిపోయాయి. చివరి ల్యాపు, చివరి మలుపు. ఆరిఫ్ లోపలివైపు ముక్కు దూర్చాడు. అతన్ని ఆపాలని ఆమె బ్రేకు ఆలస్యంగా తొక్కింది. మరీ ఆలస్యంగా. చక్రాలు బిగుసుకుని కారు ఉప్పు మీద జారి మలుపు బయటివైపుకి వెళ్ళిపోయింది. ఎవరినీ తాకలేదు, గోడకీ తగల్లేదు. ఊరికే రెండో స్థానంలోకి వెళ్ళిపోయింది. ఆరిఫ్ ముందుగా గీత దాటాడు.

కారు నెమ్మదించాక రేడియో పలికింది.

"అప్పా."

"చెప్పమ్మా."

"బ్రేకు లేటుగా తొక్కినాను."

"చూశాను."

"ఎవులూ తొయ్యలేదు. రోడ్డు బాగానే ఉన్నాది. బండీ బాగానే ఉన్నాది. నేనే."

"అవును రత్నం. నువ్వే."

నేనే అన్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. నాకే ఉంది. రేసు ముగిశాక నెమ్మదిగా తిరిగే ల్యాపులో పదో మలుపు దగ్గర ఆమె కాలు తీసి చెయ్యి గుండెకు ఆనించింది. ఆమె ముందు ఆరిఫ్ అప్పటికే నుదుటికి చెయ్యెత్తి ఉన్నాడు. వెనక వచ్చేవాళ్ళందరూ నెమ్మదించారు. ఎవరూ ఎవరినీ గుద్దలేదు. మనుషులకి ముందు బండి ఎందుకు ఆగిందో కనబడుతుంది తీర్పరీ, ఇది కూడా నేర్చుకో.

గ్యారేజీకి వచ్చేసరికి తోటమ్మ అన్నం గిన్నె, చేపల పులుసు పెట్టుకుని కూర్చుని ఉంది. నూకరత్నం హెల్మెట్ తీసింది. ముఖం మీద ఉప్పు, చెమట.

"ఏటైనాది?" అంది తోటమ్మ.

"ఓడిపోనాను పెద్దమ్మా."

"నువ్వేనా, ఆ బొమ్మా?"

"నేనే."

తోటమ్మ మొన్నటిలాగే ఆమె ముఖం, భుజాలు, చేతులు ఒకసారి తడిమి చూసింది. ఈసారి చేతులు కడుక్కునే ఉంది.

"అయితే పరవాలేదు. కూకో, తిను," అంది.

నూకరత్నం కింద కూర్చుని తింది. రెండోసారి కూడా వేయించుకుంది. నేనూ తిన్నాను.